డిస్లెక్సియా ట్రైనింగ్: ఏ టీచరుకి ఏ కోర్సు నప్పుతుంది?

డిస్లెక్సియా ఉన్న పిల్లలకి, అంటే తెలివికి లోటు లేకపోయినా పదాలు చదవడం, స్పెల్లింగ్ రాయడం కష్టమయ్యేవాళ్లకి, చదవడం నేర్పడంలో ట్రైనింగ్ తీసుకుందామని వెతకడం మొదలుపెట్టగానే పేర్లు వరసగా మీద పడతాయి. ఆర్టన్-గిలింగ్‌హామ్, విల్సన్, లెటర్స్, బార్టన్, వారాంతపు వెబినార్లు, ఏడాది డిప్లొమాలు, రెండేళ్ల డిగ్రీలు. అందరూ తమది శాస్త్రీయమనే అంటారు. అందరూ మల్టీసెన్సరీ (చూస్తూ, వింటూ, పలుకుతూ, రాస్తూ నేర్చుకోవడం) అనే అంటారు. ఆఖర్న అందరూ సర్టిఫికెట్ చేతిలో పెడతారు. బ్రోచర్లు చదివి వీటిలో ఒకటి ఎంచుకోవడం కష్టమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఒక పిల్లాడికి పాఠం చెబుతుంటే, విషయం తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చూసి, ఎక్కడ తప్పుతున్నారో చెప్పే ఏర్పాటు ఏ కోర్సులో ఉందో ఆ కోర్సుకే మొగ్గు చూపండి. కోర్సు పేరు తరవాతి సంగతి. అయితే అందరికీ ఇది అవసరం లేదు. అవసరం లేనివాళ్లెవరో కూడా కింద చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీరు ఎవరికి నేర్పుతారు? నలభై మంది ఉన్న తరగతికా, లేక వెనకబడిన ఒక్కో పిల్లకి విడిగానా? డిస్లెక్సియా 5 నుంచి 10 శాతం మందిలో ఉంటుందని ఎక్కువగా చెబుతారు, నిర్వచనాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. అంటే నలభై మందిలో ఇద్దరో నలుగురో. మొదటి రకం టీచరు నేర్చుకోవాల్సింది మొత్తం తరగతికి పద్ధతిగా చదువు చెప్పడం, ఆ ఇద్దరు ముగ్గురిని తొందరగా గుర్తుపట్టడం. రెండో రకం టీచరుకి కావాల్సింది, ఎంత చెప్పినా ఎక్కని పిల్లకి ఎక్కేదాకా చెప్పే నేర్పు. ఒకదానికోసం చేసిన కోర్సు రెండోదానికి సగమే పనికొస్తుంది.

రెండోది, కోర్సులో ఏం చెబుతారు? 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ ఐదు అంశాలు తేల్చింది: మాటలోని ధ్వనుల్ని విడిగా గుర్తించడం, ధ్వనికీ అక్షరానికీ సంబంధం, ధారాళంగా చదవడం, పదజాలం, చదివింది అర్థం చేసుకోవడం. ఈ ఐదూ సిలబస్‌లో ఉండాలి. డిస్లెక్సియా మీద ప్రత్యేక కోర్సు అయితే మొదటి రెండింటి మీదా, స్పెల్లింగ్ మీదా ఎక్కువ సమయం పెట్టాలి. నాలుగు రోజుల కోర్సులో మూడు రోజులు డిస్లెక్సియా ఉన్న ప్రముఖుల కథలతో గడిచిపోతే డబ్బు దండగ.

మూడోది, ఆ సర్టిఫికెట్‌తో మీరు ఏం చేయొచ్చు? డిస్లెక్సియా ఉన్న పిల్లకి నేర్పడం వేరు, ఫలానా పిల్లకి డిస్లెక్సియా ఉందని రాసివ్వడం వేరు. చాలా కోర్సులు మొదటిదానికే. ఈ తేడా తెలియక చేరినవాళ్లు తరవాత గొడవ పడతారు.

నాలుగోది భాష. దీని గురించి కింద విడిగా రాస్తాను, ఎందుకంటే పేరున్న కోర్సుల్లో చాలావరకు ఇంగ్లిష్ కోసం పుట్టినవే.

చూసి చెప్పేవాళ్లు ఎందుకు ఉండాలి

ఒక చిన్న ఉదాహరణ. తెలుగు మాతృభాషగా ఉన్న టీచరు ఇంగ్లిష్ ఫోనిక్స్ చెబుతున్నారు. బోర్డు మీద ‘సన్’ అనే పదం. ఒక్కో అక్షరం ధ్వని పలికిస్తున్నారు: “స, అ, న.” పిల్లాడు కలిపి చదివాడు: “సఅన.” టీచరు మళ్లీ పలికించారు, మళ్లీ “సఅన”. వాడికి కలపడం రావట్లేదని టీచరు నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

పిల్లాడు తనకి ఇచ్చిన ముక్కల్ని సరిగ్గానే కలిపాడు. ఇచ్చిన ముక్కల్లోనే తేడా ఉంది. మన హల్లుల్లో ‘అ’ కలిసే ఉంటుంది కాబట్టి, పొల్లుగా పలకాల్సిన చోట కూడా మనకు తెలియకుండానే అకారం జారిపోతుంది. “స్, అ, న్” అని పలికితే పిల్లాడు కలిపేస్తాడు. ‘స్’, ‘మ్’ లాంటివి సాగదీయొచ్చు కాబట్టి కలపడం తేలిక. ‘బ్’, ‘ట్’ సాగవు. అందుకే మంచి కోర్సుల్లో సాగే ధ్వనులతో మొదలుపెట్టమంటారు.

ఈ సంగతి వెబినార్‌లో స్లైడ్ మీద ఉంటుంది. టీచరు చదివారు, పరీక్షలో సరిగ్గా రాశారు కూడా. తరగతిలో మాత్రం నోరు పాత అలవాటే పలుకుతుంది. పక్కన కూర్చుని విన్నవాళ్లు చెబితే తప్ప ఆ తప్పు మనకి వినిపించదు.

పరిశోధనలు ఏమంటున్నాయంటే, బొమ్మ అంత సాఫీగా లేదు. 2008లో అమెరికా విద్యా పరిశోధన సంస్థ 90 బడుల్లో 270 మంది రెండో తరగతి టీచర్లతో ఒక పెద్ద అధ్యయనం చేసింది. కొందరికి ట్రైనింగ్ ఇచ్చారు, కొందరికి ట్రైనింగ్‌తో పాటు తరగతికొచ్చే మెంటర్‌ని కూడా ఇచ్చారు, మిగతావాళ్లని మామూలుగానే వదిలేశారు. టీచర్ల జ్ఞానం పెరిగింది, బోధన తీరు కొంత మారింది. పిల్లల మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, మెంటర్ ఉన్నచోట కూడా. ఇది నా వాదనకి అడ్డు తగిలేదే, దాచను. మరోవైపు 2018లో క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ అనే పరిశోధకులు 60 అధ్యయనాలు కలిపి చూస్తే, మెంటర్ సాయం వల్ల బోధన బాగానే మెరుగైంది, పిల్లల ఫలితాలు అంతకంటే తక్కువగానైనా పెరిగాయి. కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఆ లాభం తగ్గుతోందని కూడా అందులోనే తేలింది. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది: మెంటర్ ఉన్నారా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఒక్కో మెంటర్ కింద ఎంతమంది టీచర్లు, ఎన్నిసార్లు వస్తారు, చూశాక ఏం మాట్లాడతారు అని అడగాలి.

ఒక్కో దారి గురించి

*చిన్న వర్క్‌షాపులు, వెబినార్లు.* ఒక పూట నుంచి రెండు మూడు రోజులు. డిస్లెక్సియా అంటే అక్షరాలు తిరగబడి కనిపించడం కాదని, సోమరితనం అసలే కాదని, తెలివితేటలకి దీనికి సంబంధం లేదని తెలుసుకోవడానికి ఇవి చాలు. బడిలో అందరికీ, సైన్సు టీచరుకీ ఆటల సారుకీ కూడా, ఈ మాత్రం తెలియాలి. “పదిమందిలో నిలబెట్టి గట్టిగా చదివించకండి” అన్న ఒక్క మాట స్టాఫ్ రూమ్‌లో అందరికీ ఎక్కినా లాభమే. అంతకుమించి ఆశించొద్దు. రెండు రోజుల కోర్సు చేసి పేరు పక్కన ‘డిస్లెక్సియా స్పెషలిస్ట్’ అని పెట్టుకోవడం మాత్రం బాగోదు.

*జ్ఞానం ఇచ్చే పెద్ద కోర్సులు.* వీటిలో ఎక్కువ పేరున్నది లూయిసా మోట్స్ రూపొందించిన లెటర్స్. ఎనిమిది యూనిట్లు, ఉద్యోగం చేస్తూ చదివితే సాధారణంగా రెండేళ్లు. ఇది పాఠ్యపుస్తకం ఇవ్వదు, మెదడు చదవడం ఎలా నేర్చుకుంటుందో, భాష ఎలా కట్టి ఉంటుందో టీచరుకి చెబుతుంది. అమెరికాలో మిస్సిసిపీ రాష్ట్రం పిల్లల చదవడం మీద 2013లో తెచ్చిన చట్టం తరవాత టీచర్లకి ఇదే ఇప్పించింది. నాలుగో తరగతి చదువులో ఆ రాష్ట్రం 2013లో 49వ స్థానంలో ఉంటే 2019కి 29కి వచ్చింది. దీన్ని చూపించి కోర్సు అమ్మేవాళ్లు ఒక విషయం చెప్పరు: అక్కడ బడులకి మెంటర్లని పంపారు, పిల్లల్ని ఏటా పరీక్షించారు, మూడో తరగతిలో చదవడం రానివాళ్లని పై తరగతికి పంపలేదు. మొత్తం ఘనత ట్రైనింగ్‌కే కట్టబెట్టలేం. పైన చెప్పిన 2008 అధ్యయనంలో ఇచ్చిన ట్రైనింగ్ కూడా లెటర్స్ మీద ఆధారపడిందే.

తరగతి టీచర్లకి ఈ దారి బాగుంటుంది. ఒక పిల్ల ‘ప్లేట్’ని ‘పేట్’ అని రాస్తే అజాగ్రత్త అనుకోకుండా, రెండు హల్లులు వెంటవెంటనే వచ్చినచోట రెండోది వినిపించుకోలేకపోతోంది అని గుర్తుపట్టే చూపు వస్తుంది. రేపు పొద్దున తొమ్మిదింటికి ఏం చెప్పాలో మాత్రం ఇది చెప్పదు. దాన్ని మీరే కట్టుకోవాలి, లేదా బడిలో మంచి పాఠ్యక్రమం ఉండాలి.

*పర్యవేక్షణతో నేర్పే సర్టిఫికేషన్లు.* ఆర్టన్-గిలింగ్‌హామ్, విల్సన్ ఇక్కడికి వస్తాయి. శామ్యూల్ ఆర్టన్ వైద్యుడు, ఆనా గిలింగ్‌హామ్ టీచరు. 1930లలో వాళ్లు వేసిన బాట ఇది: తేలిక నుంచి కష్టానికి, ఒక్కో మెట్టూ విప్పి చెబుతూ, వింటూ పలుకుతూ రాస్తూ, వచ్చిందనుకున్నదాన్ని మళ్లీ మళ్లీ తిరగేస్తూ. తమాషా ఏంటంటే, అక్షరాలు ఎందుకు తారుమారవుతాయో ఆర్టన్ చెప్పిన మెదడు సిద్ధాంతం నిలబడలేదు. దాన్ని ఆధారం చేసుకుని పుట్టిన బోధన పద్ధతి మాత్రం తొంభై ఏళ్లుగా నడుస్తోంది.

ఆర్టన్-గిలింగ్‌హామ్ అనేది ఒక కంపెనీ సరుకు కాదు, ఒక పద్ధతి. అందుకే ఆ పేరుతో ఐదు రోజుల కోర్సులూ ఉన్నాయి, ఏళ్ల తరబడి సాగేవీ ఉన్నాయి. ఆ పద్ధతికి అమెరికాలో ఉన్న అకాడమీ అసోసియేట్ స్థాయి ఇవ్వాలంటే కనీసం 100 గంటల పర్యవేక్షణ బోధన అడుగుతుంది. ఈ గంటల లెక్క లేకుండా పేరొక్కటే వాడుకునే కోర్సుల్ని నేను వర్క్‌షాపుల ఖాతాలోనే వేస్తాను. విల్సన్ పద్ధతి దీన్నుంచే వచ్చిన శాఖ. పన్నెండు మెట్లుగా ముందే కట్టి ఉంటుంది, రెండో తరగతి పిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా. మొదటి స్థాయి సర్టిఫికెట్‌కి ఒక విద్యార్థితో దాదాపు ఏడాది పాటు పాఠాలు నడిపి, వాటిని చూపించాలి. ఏ రోజు ఏం చెప్పాలో రాసి ఉంటే ధీమాగా ఉండేవాళ్లకి విల్సన్, పిల్లని బట్టి పాఠం మార్చుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఆర్టన్-గిలింగ్‌హామ్. రెండోదానికి ఎక్కువ నేర్పు కావాలి, తప్పులకీ ఎక్కువ చోటుంటుంది.

ఇక్కడా ఒక లెక్క సరిచూసుకోవాలి. 2021లో స్టీవెన్స్ బృందం ఆర్టన్-గిలింగ్‌హామ్ మీద 24 అధ్యయనాలు పరిశీలించింది. ఫలితాలు అనుకూలం వైపే మొగ్గాయి గానీ, గణాంకాల పరంగా గట్టిగా తేలలేదు. పద్ధతి పనిచేయదని దీనర్థం కాదు. “మాదే అసలైన మందు” అనే బ్రోచర్‌ని చూసి ఫీజు కట్టేయకూడదని అర్థం.

బార్టన్ గురించి ఒక్క మాట. పది స్థాయిలు, వీడియోలు చూసి ఒక్క పిల్లకి చెప్పేలా కట్టారు. ఇంట్లో తల్లిదండ్రులకీ ట్యూషన్ చెప్పేవాళ్లకీ పనికొస్తుంది. టీచరు ఉద్యోగానికి అర్హతగా చూపించడానికి కాదు.

*డిప్లొమాలు, డిగ్రీలు.* ప్రత్యేక విద్యలో ఏడాది, రెండేళ్ల కోర్సులు. డిస్లెక్సియా ఒక్కటే కాదు, లెక్కల్లో ఇబ్బంది, ఏకాగ్రత సమస్యలు, భాషా లోపాలు అన్నీ వస్తాయి. ఉద్యోగం మారాలన్నా, పరీక్షలు నిర్వహించే స్థాయికి వెళ్లాలన్నా ఇదే దారి. బ్రిటన్‌లో లెవెల్ 5 అర్హత బోధన కోసం, పూర్తి నిర్ధారణ పరీక్షలు చేయడానికి లెవెల్ 7. వేరేచోట్ల ఈ హక్కు మనస్తత్వ నిపుణులకే ఉండొచ్చు. చేరేముందు మీరు పనిచేసే చోట ఆ కాగితానికి గుర్తింపు ఉందో లేదో నియంత్రణ సంస్థనే అడగండి, కాలేజీ వాళ్లని కాదు. వీటిలో లోటు ఏంటంటే, చదవడం నేర్పే అసలు పని ఒక్క పేపరుకి కుదించుకుపోయే అవకాశం ఉంటుంది. సిలబస్ తీసి, చదువు నేర్పడానికి ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టుకోండి.

| దారి | సమయం | పాఠం చూసి చెప్పేవాళ్లు | ఎవరికి | దీంతో కానిది |
|---|---|---|---|---|
| వర్క్‌షాపు, వెబినార్ | పూట నుంచి 3 రోజులు | ఉండరు | బడిలో అందరికీ | పిల్లకి విడిగా నేర్పే నేర్పు రాదు |
| జ్ఞానం ఇచ్చే కోర్సు | ఏడాది, రెండేళ్లు, ఉద్యోగంతో పాటు | బడి ఏర్పాటు చేస్తేనే | తరగతి టీచర్లు | రోజువారీ పాఠం చేతికి రాదు |
| పర్యవేక్షణ సర్టిఫికేషన్ | దాదాపు ఏడాది, పైన | ఉంటారు, అదే దీని బలం | విడిగా నేర్పేవాళ్లు | పెద్ద తరగతికి నేరుగా సరిపోదు |
| డిప్లొమా, డిగ్రీ | 1–2 ఏళ్లు | కోర్సును బట్టి | వృత్తి మారేవాళ్లు, పరీక్షలు చేయాలనుకునేవాళ్లు | చదువు మీద లోతు తగ్గొచ్చు |

భాష సంగతి

ఇంగ్లిష్ స్పెల్లింగ్ గందరగోళం ప్రపంచంలో అరుదైనది. ఫిన్నిష్, ఇటాలియన్ లాంటి భాషల్లో రాసింది రాసినట్టే పలుకుతారు కాబట్టి పిల్లలు మొదటి ఏడాదిలోనే పదాలు చదివేస్తారు. అక్కడ డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పులు తక్కువే చేస్తారు గానీ, చాలా నెమ్మదిగా చదువుతారు. కాబట్టి ఇంగ్లిష్ కోసం చేసిన కోర్సులో నేర్చుకున్న గుర్తులు వేరే భాషలో పట్టుకుంటే, ఆ పిల్లలు మీ కంట పడకుండా పోతారు.

తెలుగు కూడా రాసింది పలికేదే. కానీ ఇక్కడి కష్టం వేరు. ‘రాత్రి’ చూడండి. ధ్వనుల వరస త్, ర్, ఇ. కాగితం మీద గుడి త నెత్తిన ఉంది, ర వత్తు పక్కకి జారి ఉంది. పిల్ల కంటికి ముందు కనిపించేది ‘తి’. అందుకే “రాతిర” అని చదువుతుంది. గుణింతాలూ వత్తులూ కలిస్తే నేర్చుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. దగ్గరి లిపి ఉన్న కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఇంగ్లిష్ అక్షరాలకంటే చాలా ఎక్కువ ఏళ్లు పడుతుందని తేలింది. అందుకని మూడో తరగతిలో వత్తులు తప్పే పిల్లకి వెంటనే డిస్లెక్సియా అని ముద్ర వేయకూడదు. అలాగని “తెలుగు తేలిక, వాడే నేర్చుకుంటాడులే” అని వదిలేయకూడదు.

కాబట్టి తెలుగు నేర్పేవాళ్లు పేరున్న ఇంగ్లిష్ కోర్సు చేసినా, అందులోంచి తెచ్చుకోవాల్సింది నడక: మెట్టు మెట్టుగా చెప్పడం, విప్పి చెప్పడం, తిరగేయించడం, ఎక్కడ ఆగిందో చూడడం. అక్షర పట్టికలూ పదాల వరసా మీరే తయారుచేసుకోవాలి. తెలుగు లాంటి లిపులకి సర్దుబాటు గురించి ఆ కోర్సు ఏమైనా చెబుతుందా అని అడగండి. జవాబుగా “ఏ భాషకైనా ఒకటే” అంటే, వాళ్లకి వేరే లిపితో పని పడలేదని అర్థం.

మీరు ఎవరైతే ఏది

ఒకటి నుంచి మూడు తరగతుల టీచరైతే జ్ఞానం ఇచ్చే కోర్సు తీసుకోండి. వీలైతే పక్క సెక్షన్ టీచరుతో కలిసి చేసి, వారానికోసారి ఒకరి తరగతిలో మరొకరు పావుగంట కూర్చోండి. డబ్బు పెట్టి మెంటర్‌ని తెచ్చుకోలేని బడుల్లో ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలీదు.

విడిగా ఒక్కో పిల్లకి చెప్పేవాళ్లకి పర్యవేక్షణ సర్టిఫికేషనే. సమయం లేదని వర్క్‌షాపుతో సరిపెట్టుకునేకంటే, ఏడాది ఆగి చేరడం మేలు. హైస్కూల్ సబ్జెక్టు టీచర్లకి వర్క్‌షాపు చాలు. వాళ్లు చేయాల్సింది బోర్డు మీద రాసింది చదివి వినిపించడం, పరీక్షలో అదనపు సమయం ఇవ్వడం, స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడం లాంటివి.

హెడ్‌మాస్టర్లకి, మేనేజ్‌మెంట్‌లకి నా సలహా వేరు. స్టాఫ్ మొత్తాన్ని రెండు రోజులు కూర్చోబెట్టి ఫొటోలు దిగేకంటే, ఇద్దరు టీచర్లని పర్యవేక్షణ కోర్సుకి పంపండి. తిరిగొచ్చాక వాళ్లకి వారానికి ఐదు పీరియడ్లు ఖాళీ చేసి, తోటి టీచర్ల తరగతుల్లో కూర్చునే పని అప్పగించండి. ఆ పీరియడ్లు ఇవ్వలేమంటే ఫీజు కట్టకపోవడమే నయం. ట్రైనింగ్ అయినవాళ్లు మళ్లీ పాత టైంటేబుల్‌లో పడి రెండు నెలల్లో మర్చిపోతారు.

ఇవి కనిపిస్తే వెనక్కి రండి

రంగు అద్దాలు, కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా తగ్గుతుందని చెప్పే కోర్సు. 2009లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు కలిసి వీటికి ఆధారం లేదని తేల్చి చెప్పాయి. ‘చూసి నేర్చుకునేవాడు, విని నేర్చుకునేవాడు’ అని పిల్లల్ని వర్గాలుగా విడదీసి ఒక్కో వర్గానికి ఒక్కో పాఠం చెప్పమనే కోర్సు. తెలియని పదం వస్తే బొమ్మ చూసి, మొదటి అక్షరం చూసి ఊహించమని నేర్పే కోర్సు. ఆఖరిది అన్నిటికన్నా తెలివిగా దాక్కుంటుంది, ఎందుకంటే పైకి అది పిల్లకి చదివే ధైర్యం ఇస్తున్నట్టే కనిపిస్తుంది. డిస్లెక్సియా ఉన్న పిల్ల ఎటూ ఊహించే బతుకుతోంది. ఆ అలవాటు మాన్పించడానికే మీరు ట్రైనింగ్‌కి వెళ్తున్నారు.

చేరేముందు నిర్వాహకుల్ని ఒక పని అడగండి: ట్రైనర్ స్వయంగా ఒక పిల్లకి చెప్పిన పాఠం వీడియో, పూర్తిగా, కోత లేకుండా. పిల్ల తప్పు చదివినప్పుడు ట్రైనర్ ఏం చేశారో చూడండి. వెంటనే జవాబు అందించేశారా, లేక పిల్లని ఆ తప్పిన ధ్వని దగ్గరకి తీసుకెళ్లి మళ్లీ తనతోనే చదివించారా? వీడియో ఇవ్వకపోతే, గోప్యత పేరు చెప్పినా సరే, కనీసం ఒక పాఠం పక్కన కూర్చుని చూడనివ్వమనండి. దానికీ కుదరదంటే మామూలు వర్క్‌షాపు ఫీజుకి మించి కట్టకండి.